పుస్తకం తిరిగివ్వని వారింట

ఆ శుక్రవారం పొద్దున ఆండాళ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, అమెరికాలో తాముండే మోరిస్‌విల్ ఊరి తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో మర్యాదగా ఒక రిమైండర్ పెట్టాలి, ఆఫీసుకి వెళ్ళాలి. సంఘం వారి పుస్తకాల గదికి ఆమె నాలుగేళ్ళుగా జీతం లేని లైబ్రేరియన్. గదిలో ఉండవలసినవి రెండు వందల పన్నెండు పుస్తకాలు. ఉన్నవి అరవై తొమ్మిది. మిగతా నూట నలభై మూడూ ఊళ్ళో ఎవరెవరి సోఫాల కిందో సుఖంగా ఉన్నాయి.

ముందురోజు సాయంత్రమే సంఘం అధ్యక్షుడు లక్ష్మీపతి ఫోన్ చేశాడు. ఆయన రిటైరైన గుండె డాక్టరు. కబురు చల్లగా చెప్పడం ఆయనకి ముప్ఫయ్యేళ్ళ అలవాటు.

"చూడమ్మా, ఆదివారం మీటింగులో ఆ గది సంగతి తేల్చేద్దాం. పికిల్‌బాల్ ఆట ఆడేవాళ్ళు నెట్లు పెట్టుకోవడానికి అడుగుతున్నారు. అక్కడ చూస్తే పుస్తకాలూ లేవు, తీసుకెళ్ళేవాళ్ళూ లేరు. ఆ రెండూ చూపించు, గది నీదే."

ఆండాళ్ తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. వాళ్ళ నాన్న పొన్నూరులో సైకిళ్ళకి పంక్చర్లు వేసేవాడు. అందుకని చదువంటే ఆమెకి భయమూ భక్తీ రెండూ ఎక్కువే. ఏ మాటన్నా ఆధారం చూపించకపోతే ఎవరో వచ్చి డిగ్రీ పట్టుకుపోతారన్నట్టు ఉంటుంది. ఆమె ఉద్యోగం కూడా అలాంటిదే: దగ్గర్లోని ఒక యూనివర్సిటీ లైబ్రరీలో మధ్యయుగాల యూరప్ రాతప్రతులకి కేటలాగ్ రాయడం. ఏ పార్టీలోనైనా ఎవరో మర్యాదకి "మీరేం చేస్తారండీ?" అని అడిగితే చాలు. ఆ తోలు పుటల అంచుల్లో కవచాలు తొడుక్కున్న వీరులు నత్తలతో యుద్ధం చేస్తుంటారని మొదలుపెట్టేది. పిల్లి సిరా కాళ్ళతో నడిచిపోయిన పేజీ దగ్గరికి వచ్చేసరికి, అడిగిన మనిషి పకోడీల బల్ల దగ్గర ఉండేవాడు.

"ఏడు రిమైండర్లు పెట్టావు. ఒక్కడైనా కదిలాడా?" అన్నాడు భర్త విశాల్, లాప్‌టాప్ బ్యాగ్ సర్దుకుంటూ. "ఎనిమిదోది కూడా వేస్టే. మొన్న చెప్పావే, మీ సన్యాసులు, వాళ్ళే నయం. డైరెక్ట్‌గా తిట్టేసేవాళ్ళు."

ఆమె చెప్పిన మాట నిజమే. ఒక్క పుస్తకానికి ఒక మంద దూడల చర్మం, ఒక సన్యాసి కంటిచూపు ఖర్చయ్యే రోజుల్లో, అక్కడి క్రైస్తవ మఠాల్లో పుస్తకం చివర శాపం రాసేవారు. ఎత్తుకుపోయినవాణ్ణి పెనం మీద వేయించాలనీ, మూర్ఛలు రావాలనీ, ఉరి తీయాలనీ. ఆండాళ్‌కి కాఫీ చల్లారిపోయింది గానీ ఆలోచన వేడెక్కింది. సరదాగా ఉంటుంది, నలుగురికీ నాలుగు విషయాలు తెలుస్తాయి. పెనం మీద వేయించడం మోరిస్‌విల్‌కి మరీ ఎక్కువనిపించి, కాస్త మనవాళ్ళకి తగ్గట్టు మార్చింది.

"ఈ గ్రంథమును గొనిపోయి మరల నొసగనివాని యింట పాలు తోడుకొనకుండుగాక! వాని దోసె పెనమును వీడకుండుగాక! వాని కారునకు పార్కింగు దొరకకుండుగాక! తథాస్తు."

దాని కింద, ఇది కేవలం పాతకాలపు ఆచారానికి అనుకరణ అనీ, ఎవరూ మనసుకి తీసుకోవద్దనీ, ఆ శాపాల పుట్టుపూర్వోత్తరాలతో నాలుగు పేరాల వివరణ రాసింది. పంపేసి ఆఫీసుకి వెళ్ళిపోయింది. వాట్సాప్ మాత్రం శాపం వరకు చూపించి, వివరణ మొత్తాన్ని 'రీడ్ మోర్' వెనక దాచేసింది. గ్రూపులో ఉన్న నాలుగు వందల పదహారు మందిలో అది నొక్కినవారు ఒక్కరు. ఆ ఒక్కరూ ఆండాళే. అచ్చుతప్పులున్నాయేమోనని.

ఆ రాత్రి మంచువాన పడి ఊరంతా ఎనిమిది గంటలు కరెంటు పోయింది. చలికాలంలో మోరిస్‌విల్ తెలుగువాళ్ళ పెరుగంతా ఓవెన్‌లో లైటు వెచ్చదనానికే తోడుకుంటుంది. లైటు లేదు. శనివారం తెల్లారేసరికి ఇంటింటా గిన్నెల్లో పాలు పాలలాగే ఉన్నాయి. కరెంటు పోయిందని అందరికీ తెలుసు. కానీ శాపం శుక్రవారం వచ్చింది, పెరుగు శనివారం పోయింది.

తొమ్మిది కాకుండానే బెల్ మోగింది. తలుపు తీస్తే రెండు వీధుల అవతలుండే రాధారాణి ఆంటీ. శాలువా కప్పుకుని, ఒక చేతిలో పుస్తకం, ఇంకో చేతిలో మూతపెట్టిన గిన్నె.

"ఇగో ఆండాళ్, నీ వంటల పుస్తకం. రెండేండ్లయింది, తప్పే, ఒప్పుకుంటున్న. ఇప్పుడు ఈ గిన్నె చూడు!"

"ఆంటీ, అది కరెంటు..."

"ముప్ఫయ్యేండ్ల నుంచి తోడేస్తున్న. ఒక్కనాడు గిట్ల కాలే. నువ్వు ఏదో పాతకాలపుది తీసి చదివినవంట కదా?"

"జోక్ ఆంటీ! కింద నోట్ ఉంది చూడండి, అందులో అంతా రాశాను."

"నోట్ ఎవరు చదువుతరమ్మా?" అంది రాధారాణి, జాలిగా.

ఆ తర్వాత బెల్ ఆగలేదు. మొహం చూపించడం ఇష్టం లేనివాళ్ళు పుస్తకాలు పోర్చ్‌లో వదిలేసి, కారు ఇంజన్ ఆపకుండానే పారిపోయారు. విజయవాడ లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం ఒకటి వచ్చింది. కౌంటీ లైబ్రరీవి నాలుగొచ్చాయి. మధ్యాహ్నానికి పుస్తకాలు కానివి మొదలయ్యాయి: రెండు స్టీలు డబ్బాలు, ఒక డ్రిల్లింగ్ మెషిన్, ఎవరిదో పట్టుచీర. విశాల్ గ్యారేజీలోంచి కారు తీసి బయటపెట్టాడు.

"ఆండాళూ, ఇంకో శాపం పెట్టు. నా లాన్‌మోవర్ కూడా వచ్చేస్తుంది."

సాయంత్రానికి లెక్క చూస్తే నూట నలభై సంఘం పుస్తకాలు! ఆండాళ్ కళ్ళు చెమర్చాయి. గది దక్కినట్టే అనుకుంది.

ఆదివారం పొద్దున కూడా ఎవరింటా పెరుగు లేదు. ఉన్న తోడంతా ఆ రాత్రి పాలలోనే పోయాక, మళ్ళీ తోడుకి చెంచాడు దొరకలేదు మరి. కమిటీ మీటింగుకి ఎప్పుడూ ఆరుగురొస్తారు. ఆ రోజు అరవై మంది వచ్చి, నిండిన అల్మారాలకి ఆరడుగుల దూరంలో నిలబడ్డారు.

"పుస్తకాలు వచ్చేశాయి, సంతోషం," అన్నాడు లక్ష్మీపతి. "సగం పరీక్ష ప్యాసయ్యావు. ఇప్పుడు ఎవరైనా ఒకటి తీసుకెళ్ళండమ్మా, చూద్దాం."

ఎవరూ కదల్లేదు. ఆండాళ్ ఒక పుస్తకం తీసి రాధారాణికి అందించబోయింది. ఆవిడ చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

"నాకొద్దు తల్లీ. మర్చిపోతే? అసలే ఇంట్ల పెరుగులేక మా ఆయన మూతి ముడుచుకుని కూర్చున్నడు."

"శాపాన్ని నమ్మడం లేదు గానీ," అన్నాడు లక్ష్మీపతి గొంతు తగ్గించి, "నేనూ నిన్న మూడు తెచ్చిచ్చాను. తీసుకెళ్ళేవాళ్ళు లేనప్పుడు గది ఎందుకమ్మా? నెట్లు పెట్టుకోనీ."

ఆండాళ్‌కి చదువు తప్ప వేరే ఆయుధం లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నాలుగు పేరాల వివరణ తీసింది. ప్రింటు, రెండు వైపులా. "పన్నెండో శతాబ్దపు యూరప్‌లో..." అని మొదలుపెట్టింది.

"విమోచనం ఏ పేరాలో ఉందండీ?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఏ పేరాలోనూ లేదు.

"ఇంకా మూడు పుస్తకాలు రావాలి," అంది ఆండాళ్, దిక్కుతోచక.

గదిలో గాలి మారిపోయింది. "అదీ సంగతి! మనమంతా ఇచ్చేశాం, ఇంకా పెరుగు తోడుకోదేమా అని చూస్తున్నా. ఎవరో ఒక్కరి దగ్గర ఉండిపోయాయి!" "పేరు చదవండి!" "చదవండి, ఎవరో తెలియాలి!"

ఆండాళ్ రిజిస్టర్ తెరిచింది. మూడు పుస్తకాలూ ఒకే పేజీలో, ఒకే పేరు మీద ఉన్నాయి. గుండ్రని, ముచ్చటైన చేతిరాత. తనదే. మూడేళ్ళ కిందట, వెన్ను ఊడిన ఆ పుస్తకాలని ఆఫీసులో నేర్చుకున్న పద్ధతిలో బాగుచేద్దామని ఇంటికి తీసుకెళ్ళింది. నియమం ప్రకారం ముందు తన పేరు రాసుకుంది. ఆ తర్వాత పెట్టిన ఏడు రిమైండర్లూ తన ఫోనుకి కూడా వచ్చాయి. ప్రతిసారీ చదువుకుని, 'ఏం మనుషులో, బాధ్యత ఉండదు' అనుకుంది.

పేజీ చిరిగిపోయిందని చెప్పవచ్చు. ఎవరూ వచ్చి చూడరు. కానీ రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు చదవకపోవడం ఆమెకి చేతకాదు.

"ఆండాళ్," అని చదివింది.

అరవై మందీ ఒక్కసారి నవ్వారు.

"నువ్వా!" అంది రాధారాణి. "శాపం నువ్వే పెడితివి, నీకే తగులుకుంటివి, నడుమ మా పెరుగు పోగొడితివి! నిన్నటి నుంచి నేను మా ఆయనను తిడుతున్న!"

"అంటే మనకేం లేదన్నమాట," అన్నాడొకాయన, అల్మారా వైపు ఒక అడుగు వేస్తూ. "మనం క్లియర్. ఆవిడ ఇచ్చేస్తే సరి."

రెండో అడుగు ఎవరు వేశారో తెలియలేదు. రాధారాణి తన వంటల పుస్తకమే మళ్ళీ లాక్కుంది. ఇద్దరు ఒకే నవల పట్టుకుని "నేను ముందు చూశా" అని గుంజుకుంటున్నారు. మూలన ఒక పెద్దాయన గోడకి ఆనుకుని అప్పుడే మూడో పేజీలో ఉన్నాడు.

ఆండాళ్ చేతిలో కాగితం ఇంకా ఉంది. కరెంటు సంగతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఆధారంతో సహా. విశాల్ దూరం నుంచి ఆమె పెదవులు కదలడం చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె మూడో పేజీలో ఉన్న పెద్దాయన వైపు చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగ్‌లో వేసుకుంది.

"అవునండీ," అంది, పట్టా పుచ్చుకున్నాక మొదటిసారి ఆధారం లేని మాట చెబుతూ. "అంతా నావల్లే."

మర్నాడు కార్యదర్శి మీనా పంపిన మినిట్స్‌లో మూడో అంశం కింద ఇలా ఉంది: "గది గ్రంథాలయానికే ఉండాలనీ, లైబ్రేరియన్ శాపగ్రస్తురాలనీ సభ ఏకగ్రీవంగా ఆమోదించింది."