కుర్చీ దిగని లబీబ్ గారు

"అలెగ్జాండ్రియాలో నేరమనేది ఇంకా మిగిలి ఉందంటే, అది నేను నిద్రపోయే గంటల్లో జరుగుతోందన్నమాట," అన్నాడు ఫిక్రీ, శాండ్‌విచ్‌లోంచి కారిన నువ్వుల ముద్ద, తహీనా, చొక్కాకి తుడుచుకుంటూ.

వగ్దీ ఏమీ అనలేదు. ఇన్నేళ్ల స్నేహంలో అతనికి అబ్బిన విద్య అదొక్కటే. ఫిక్రీ మర్‌జాన బిస్కెట్ల ఫ్యాక్టరీలో స్టోర్ గుమస్తా. డిటెక్టివ్ అన్నది తనకు తానే వేయించుకున్న ఉద్యోగం. కిందటేడు పోయిన పిండి బస్తా కోసం, ఆ బస్తా మీదే కూర్చుని వారం రోజులు దర్యాప్తు చేసిన ఘనుడు.

ఈసారి కేసు మాత్రం నవ్వులాట కాదు, మేడమ్ ఇన్షిరాహ్‌కి అసలే కాదు. ప్యాకింగ్ సెక్షన్ పెద్ద లబీబ్ గారు గుండె ఆగి పోయాక ఆ కుర్చీ ఆవిడకిచ్చారు. ఎవరు ఎవరి కింద పనిచేస్తారో చెప్పే డైరెక్టరీ సర్వర్లు కంపెనీకి రెండున్నాయి: కైరో హెడ్డాఫీసులో ఒకటి, ఇక్కడొకటి. కంప్యూటర్ వచ్చని ఒకసారి నోరు జారినందుకు ఇక్కడి సర్వర్ గది తాళం వగ్దీ మెడకి చుట్టుకుంది. అతను రోజూ పొద్దున్నే లబీబ్ పేరు తీసి ఇన్షిరాహ్ పేరు పెడతాడు. మధ్యాహ్నం నమాజు అయ్యేసరికి లబీబ్ గారు నిక్షేపంగా మళ్లీ కుర్చీలో ఉంటారు, ఇన్షిరాహ్ ఆయన కిందికి జారిపోతుంది.

రేపు ఆవిడ కూతురికి గోరింటాకు పెట్టే హెన్నా వేడుక, ఎల్లుండి గురువారం పెళ్లి. సెక్షన్ పెద్దల సెలవు అర్జీ మేనేజర్‌కి వెళ్తుంది, మిగతావాళ్లది సెక్షన్ పెద్దకి వెళ్తుంది. మేనేజర్ గారు ఫ్యాక్టరీకి దయచేసేదే నమాజు తర్వాత. ఆ పాటికి ఇన్షిరాహ్ అర్జీ తిన్నగా లబీబ్ గారికి పోయి కూర్చుంటోంది. కంప్యూటర్లో లేని సెలవు సెలవే కాదని, చెప్పకుండా మానేస్తే కొత్త కుర్చీ మాట మర్చిపొమ్మని మేనేజర్ తేల్చేశాడు.

"ఏం చెయ్యమంటారు నన్ను?" అంది ఇన్షిరాహ్. "గోరీ దగ్గరికెళ్లి ఆయన్ని లేపి సంతకం అడగనా? పిల్ల చేతికి హెన్నా పెట్టేటప్పుడు తల్లి బిస్కెట్లు పేరుస్తూ ఉండాలా?"

వగ్దీ కైరోకి ఫోన్ చేసి చేసి అలిసిపోయాడు. అక్కడి సర్వర్ చూసే షౌకత్ ప్రతిసారీ "చూద్దాంలే, ఇన్షా అల్లా" అనేవాడు.

ఫిక్రీ రెండు రోజుల కిందటే రంగంలోకి దిగాడు. ముందుగా లబీబ్ గారి భార్యని పరామర్శించడానికెళ్లి, ఆవిడ పెట్టినదంతా తిని, నిన్న మధ్యాహ్నం మీ ఆయన ఎక్కడున్నారని అడిగాడు. చెప్పు తెగేదాకా ఆవిడ సమాధానం చెప్పింది. తిరిగొచ్చి, సర్వర్ గది ముందు నుంచి రోజూ నడిచే మనిషి టీ కాచే బయూమీ ఒక్కడే కనుక కుట్రకి సూత్రధారి అతనేనని అందరి ముందూ ప్రకటించాడు. బయూమీ ఒక్క మాట మాట్లాడలేదు, ఫిక్రీకి టీ ఇవ్వడం మానేశాడంతే.

అందుకే ఆ మంగళవారం సర్వర్ గదిలో కాపు కాయడానికి ఫిక్రీ నల్ల కళ్లద్దాలతో, ఇంటి నుంచి తెచ్చిన కరెంటు కెటిల్‌తో వచ్చాడు. "ఒరేయ్ వగ్దీ, టీ లేని మెదడూ తూటా లేని తుపాకీ ఒకటే," అన్నాడు. ప్లగ్గుకి చోటు కనపడక, మూల మిణుకుమిణుకుమంటున్న చిన్న పెట్టె తీగని, ఇదెందుకూ పనికొచ్చేలా లేదని పీకి, కెటిల్ పెట్టాడు. వగ్దీ కంగారుగా లోపలికొచ్చేసరికి నీళ్లు కాగుతున్నాయి.

నమాజు అయింది. తెర మీద పేరు మారలేదు. ఇన్షిరాహ్ కుర్చీలోనే ఉంది. మేనేజర్ వచ్చాడు, అర్జీ తన ముందే కనపడింది, కళ్లు కూడా ఎత్తకుండా సెలవిచ్చేశాడు. ఇన్షిరాహ్ నడవాలోనే నాలుక ఆడిస్తూ జఘ్రూద, పెళ్లిళ్లలో వేసే సంతోషపు కేక, కొట్టింది. ఆ కేకకి బిస్కెట్ల ట్రే ఒకటి కిందపడింది.

అంతలో ఫోన్ మోగింది, కైరో నుంచి షౌకత్. రోజూ మధ్యాహ్నం కైరో పట్టికే అలెగ్జాండ్రియా సర్వర్లోకి దిగుతుంది, ఇవాళ దిగలేదేమని అడిగాడు. ఫిక్రీ తీగ పీకిన చిన్న పెట్టే కైరోతో కలిపేదని వగ్దీకి అప్పుడు వెలిగింది.

"మీ పట్టికలో లబీబ్ గారు ఇంకా ఉన్నారా?" అన్నాడు వగ్దీ.

"ఉండరూ మరి? సంతాపం నలభయ్యో రోజు కాకుండానే తీసేస్తామా? సమాధి మట్టి ఆరకముందే స్నేహితుడి పేరు కొట్టేసే చెయ్యి కాదు నాది."

పోయినవాడికి మర్యాద చేస్తే బతికినదాని పీక మీదికొచ్చిందని వగ్దీ అనబోయి, షౌకత్ గొంతులో జీర విని మెల్లగా ఫోన్ పెట్టేశాడు. బయట ఫిక్రీ ఉపన్యసిస్తున్నాడు: నేరస్థుడు తన నీడ చూసే పారిపోయాడట, పారిపోయినవాడు బయూమీయేనట. బయూమీ అప్పుడు అతని పక్కనే నిలబడి గ్లాసులు తుడుస్తున్నాడు.

పెళ్లయ్యాక ఇన్షిరాహ్ చక్కెర బాదంపప్పులతో వచ్చింది. వగ్దీ చెవిలో వేసిందంతా విని లెక్క వేసుకుంది. వగ్దీ తీగ పీకితే వగ్దీ ఉద్యోగం పోతుంది. ఫిక్రీ పీకితే కైరోవాళ్లు ఆశ్చర్యం కూడా పోరు.

అప్పట్నుంచి లబీబ్ గారి నలభయ్యో రోజు దాకా, మధ్యాహ్నం నమాజుకి ముందు ఆవిడే స్వయంగా స్టోరుకి వచ్చేది. "ఉస్తాజ్ ఫిక్రీ, మీ టీ వేళయింది. సర్వర్ గదిలోకి దయచెయ్యండి," అనేది ఎంతో వినయంగా.

"చూశావా వగ్దీ," అనేవాడు ఫిక్రీ కెటిల్ చంకన పెట్టుకుని, "తలకాయ ఉన్నవాడికి దక్కే గౌరవం ఇదీ."

వగ్దీ ఎప్పట్లాగే ఏమీ అనేవాడు కాదు. చిన్న పెట్టె ప్లగ్గుని మాత్రం అతని చేతికందేలా కాస్త ముందుకి జరిపేవాడు.