పాత డైకి కొత్త రింగు

"నాన్న పాత డై వేసుకుంటాడట," అంది వెర్నా ఫోన్ పెట్టేస్తూ.

మెర్ల్ చేతిలోని కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది. మామగారు ఆర్వల్ తల మీద వెంట్రుక ఉందని విన్నవాళ్ళే గాని చూసినవాళ్ళు విల్లో ఫోర్క్‌లో ఎవరూ మిగల్లేదు. "గుండుకి డై ఏమిటి?" అన్నాడు.

"నాకేం తెలుసు? కొత్త డై ముట్టుకోవద్దట, పాతదే కావాలట. నీతో మరీమరీ చెప్పమన్నాడు. పళ్ళసెట్టు పెట్టుకోకుండా మాట్లాడితే సగం మాటలు గాలికే పోతాయి ఆయనవి."

అప్పుడు తట్టింది మెర్ల్‌కి. ఈ డై గుండుకి పూసేది కాదు, గుండు బిగించే తూటాకి సంబంధించింది. పేలిన తూటా తాలూకు ఇత్తడి గొట్టం కాస్త ఉబ్బుతుంది. దాన్ని ప్రెస్సుకి తగిలించి, డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కితే మళ్ళీ సన్నబడుతుంది. మందు పోసి, కొత్త గుండు బిగిస్తే తూటా మళ్ళీ తయారు. విల్లో ఫోర్క్‌లో ఇంటింటికీ ఒక ప్రెస్సు ఉంది. ఊరికి పత్రిక మాత్రం లేదు.

మర్నాడే జింకల వేట మొదలు. కొండ మీద తన గుడిసెకి ఆర్వల్ ఏటా ఒక్క అల్లుడినే ట్రక్కులో పక్కన కూర్చోబెట్టుకు వెళతాడు. నిరుడు ఆ ట్రక్కు సీటు డ్వేన్‌కి దక్కింది. డ్వేన్ మెర్ల్‌కి తోడల్లుడు. తోడల్లుడికీ తోడేలుకీ పలకడంలోనే తేడా అని మెర్ల్ అభిప్రాయం. ఏడాది పొడవునా డ్వేన్ ఆ సీటు సంగతే మాట్లాడాడు, చివరికి పెదనాన్న అంత్యక్రియల్లో కూడా. ఈసారి ఆర్వల్ తన రెండు డైలూ మెర్ల్‌కి పంపించాడు. తన తుపాకీకి తూటాలు చేసి పెట్టమన్నాడు. పని నచ్చితే సీటు నీదేనన్నాడు.

మెర్ల్ రెండు డైలనూ వంటింటి బల్ల మీద నిలబెట్టాడు. రెండూ బొటనవేలంత ఉక్కు స్తంభాలు, ఒకే పోతలో పుట్టిన కవలల్లా ఉన్నాయి.

"ఇందులో పాతదేది?" అంది వెర్నా.

"అది చెప్పడానికే దేవుడు నన్ను పుట్టించాడు. పెట్టెల్ని నమ్మకూడదు, జనం మార్చేస్తారు. మెడలో ఈ బిగింపు రింగు చూశావా? గుండ్రంగా, అంచు గరుకుగా ఉంటే పాతది. ఇలా ఆరు పలకలుగా ఉంటే కొత్తది. రింగు చూస్తే చాలు, పెళ్ళయిందో లేదో చెప్పేసినట్టే."

"లోపలికి తొంగి చూడక్కర్లేదా?"

"తెలిసినవాళ్ళు తొంగి చూడరు."

పాత డైతో పెద్ద బాధ ఒకటుంది. అందులోకి వెళ్ళే ప్రతి గొట్టానికీ వేళ్ళతో జిడ్డు రుద్దాలి, బయటికొచ్చాక మళ్ళీ తుడవాలి. కొత్త డై మూతి లోపల గట్టి లోహపు పట్టీ మెరుస్తూ ఉంటుంది. దానికి జిడ్డు అక్కర్లేదు. మెర్ల్ జిడ్డు డబ్బా వైపు చూశాడు. గొట్టాల గుట్ట వైపు చూశాడు. చివరికి ఆరు పలకల రింగున్న డై తీసి ప్రెస్సుకి బిగించాడు.

"నాన్న పాతదే అన్నాడు," అంది వెర్నా.

"తూటాకి నోరుందా చెప్పడానికి? ఇది నీకూ నాకూ మధ్య."

"నాకూ నీకూ మధ్య ఇప్పటికే చాలా ఉన్నాయి," అని వెర్నా బంగాళాదుంపలు కడగడానికి వెళ్ళింది. ఆ సాయంత్రం ఫైర్ స్టేషన్ హాల్లో వేటగాళ్ళ విందు. దుంపల్ని రేకు కాగితంలో చుట్టి ఓవెన్లో కాల్చి తీసుకెళ్ళడం ఏటా ఆమె వంతు.

మెర్ల్ పొడి గొట్టాన్ని పెట్టి పిడి నొక్కాడు. గొట్టం సగం దాకా వెళ్ళి కీచుమంది. బలం చూపించి ఇంకాస్త నొక్కాడు. మొత్తం వెళ్ళింది. పిడి పైకెత్తాడు. రాలేదు. రెండు చేతులతో, ఒక కాలు బల్లకి తన్నిపెట్టి లాగాడు. టప్పుమని గొట్టం అంచు ఊడొచ్చింది; గొట్టం లోపలే ఉండిపోయింది. గొట్టం ఇరుక్కున్నది డైలో, మెర్ల్ ఇరుక్కున్నది మామగారి డైలో.

డై విప్పి ఫ్రీజర్లో ఐస్‌క్రీము పక్కన పెట్టాడు. చల్లబడింది గాని వదల్లేదు. సుత్తితో బుజ్జగించాడు. తుప్పు వదిలించే నూనె పోశాడు. ఆఖరికి వేడి చేస్తే ఉక్కు వ్యాకోచించి దారిస్తుందనుకున్నాడు. ఇత్తడి అంతకంటే ఎక్కువ వ్యాకోచిస్తుందన్న సంగతి బడిలో చెప్పిన రోజున అతను చేపలవేటకి వెళ్ళాడు. నూనె కంపు ఓవెన్‌కి పట్టకుండా డైని రేకు కాగితంలో దుంపంత లావయ్యేదాకా చుట్టి, దుంపల పక్కన ఖాళీలో పెట్టి, డ్రిల్లు అరువు తేవడానికి పక్కింటికి పరిగెత్తాడు.

తిరిగొచ్చేసరికి ఓవెన్ ఖాళీ. వెర్నా కారు లేదు. అతని దుంప తెగింది.

ఫైర్ హాల్లో అప్పటికే ఊరంతా నారింజ రంగు చొక్కాల్లో వరస కట్టి నిలబడి ఉంది. దుంపల గంపకి వెనక ఐడా నిలబడి వడ్డిస్తోంది. మెర్ల్ వరస తప్పించుకుని దూరి, గంపలో చెయ్యి పెట్టి దుంపల్ని ఒక్కొక్కటిగా పిసకడం మొదలుపెట్టాడు.

"ఏమిటా పిసుకుడు? తింటావా, తిననిస్తావా?" అంది ఐడా.

"గట్టిగా ఉన్నదేదైనా ఉందేమోనని."

"గట్టిగానా? ఉడకలేదా?"

వెనకున్నవాడికి "ఉడకలేదా" మాత్రమే వినిపించింది. వాడి వెనకున్నవాడికి పచ్చిదుంపలని చేరింది. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి పచ్చిదుంపలు తిని ఎవరో పడిపోయారట. అప్పటికే దుంప వడ్డించుకున్నవాళ్ళు పళ్ళాల్లో వాటిని నొక్కి చూసుకున్నారు. ఫైర్ చీఫ్ బెంచీ ఎక్కి, "ఎవరూ తినకండి! ముందు పిసకండి!" అని కేకేశాడు. రేపు జింకల గుండెలు ఆపాల్సిన వేటగాళ్ళందరూ కొంపలంటుకున్నట్టు దుంపలు పిసకసాగారు. వేడివేడి గుజ్జు గోడల మీదికి ఎగిరింది.

వెర్నా గరిటెతో సహా మధ్యలోకి వచ్చింది. "నా దుంపలు పచ్చివని అన్నదెవరు?"

హాలంతా వేలు పెట్టి ఆమె మొగుణ్ణే చూపించింది.

"మెర్ల్!"

"నీ దుంపలు వెన్నముద్దలే, ఒట్టు! వాటిలో ఒకటి మాత్రం..."

అప్పుడే మూలబల్ల దగ్గర ఠంగుమని మోగింది. ఆర్వల్ ఫోర్కు వంగిపోయింది. ముసలాయన నిదానంగా రేకు కాగితం విప్పాడు. గుజ్జు కారుతున్న చేతులతో ఊరంతా చుట్టూ మూగింది. ముందు వరసలో డ్వేన్ నిలబడ్డాడు, పెళ్ళికొడుకు మొహం పెట్టుకుని.

"ఇది నా డై," అన్నాడు ఆర్వల్.

"అయ్యో, మెర్ల్! పెద్దాయన వస్తువు ఇలాగేనా చేసేది?" అన్నాడు డ్వేన్.

ట్రక్కు సీటు కొండ దిగి వెళ్ళిపోవడం మెర్ల్ కళ్ళకి కనిపించింది. ఆర్వల్ కళ్ళజోడు సర్దుకుని డై మూతిలోకి చూశాడు. ఇరుక్కున్న గొట్టాన్ని గోటితో తట్టాడు. "దీంట్లో మెరిసే పట్టీ లేదు. ఇది పాతదే."

"పాతదా?" అన్నాడు మెర్ల్ ఆపుకోలేక. "దీని రింగు ఆరు పలకలది కదా, సర్!"

"రింగులు మొన్న నేనే మార్చాను అబ్బాయ్. నా వేళ్ళు కీళ్ళనొప్పులతో కొంకర్లు పోయాయి, ఆ గుండ్రటి రింగుని తిప్పలేవు. పలకలదైతే రెంచీ పట్టుకుంటుంది. అందుకే దీని రింగు దానికీ దాని రింగు దీనికీ వేశాను. రింగు చూసి డై వయసు చెప్పేవాడు టోపీ చూసి మనిషి వయసు చెప్పేవాడిలాంటివాడు. లోపల చూడాలి."

వెర్నా మొగుడి వైపు చూసింది. మెర్ల్ వంగిపోయిన ఫోర్కు వైపు చూశాడు.

ఆర్వల్ బల్ల పట్టుకుని లేచి నిలబడ్డాడు. "అందరూ వినండి. దుంపలు బాగానే ఉన్నాయి. వాటిలో కలిసింది నా పాత డై. నిరుడు ఈ డ్వేన్ పాత డైలోనే చేశానని నా ఎదుటే ప్రమాణం చేశాడు. డై తిరిగొచ్చాక చూస్తే, మూతిలో సాలెగూడు చెక్కుచెదరలేదు. సాలీడు కూడా లోపలే ఉంది, క్షేమంగా. ఈసారి ఎవరి పని ఎలాంటిదో బయటపడాలని, నిరుటి సంగతి ఎత్తకుండా రెండూ మెర్ల్‌కి పంపాను. వాడు నా మాట విన్నాడు. పాతదాన్నే వాడాడు. జిడ్డు సరిగ్గా రుద్దడం చేతకాలేదు, అది నేర్పుతాను. రేపు నా పక్క సీటు వాడిదే."

హాలు చప్పట్లు కొట్టింది. గుజ్జు మళ్ళీ ఎగిరింది. డ్వేన్ మొహం కాలని దుంపలా అయింది. "నాకూ నీకూ మధ్య ఇంకోటి చేరింది," అంది వెర్నా మెర్ల్ చెవిలో.

"ఇంకో మాట," అన్నాడు ఆర్వల్, డైని మెర్ల్ అరచేతిలో పెడుతూ. "ఇక ఇది నీదే. మన కుటుంబంలో అందరి తూటాలూ నువ్వే చెయ్యాలి, దీంట్లోనే. నీవీ డ్వేన్‌వీ బావమరుదులవీ, అందరివీ. ఒక్కో గొట్టానికీ జిడ్డు రుద్ది, తుడిచి."

"మరి మీవి, సర్? రేపటికి తూటాలు కావాలి కదా?"

"నావి పోయిన నెలలోనే తయారైపోయాయి, కొత్తదాంట్లో చేసుకున్నాను," అన్నాడు ఆర్వల్, ఇంకో దుంప అందుకుని పిసికి చూసుకుంటూ. "ఆ జిడ్డు ఎవడు రుద్దుతాడోయ్?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో మెర్ల్ మామగారితో మనస్ఫూర్తిగా ఏకీభవించింది ఆ ఒక్క మాటతోనే. అదీ బయటికి చెప్పుకునే వీల్లేదు.