థర్ల్‌బీ రేవులో బిగించిన తాడు

ఆ శనివారం పొద్దున హెడ్లీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం సముద్రపు పోటుకు నది నిండేలోగా థర్ల్‌బీ రేవు చేరాలి. విల్లో చెట్టు పక్కన పడవ కట్టాలి. సాయంత్రం ఒడ్డునున్న పబ్బులో మాంసం కూరి కాల్చిన 'పై' తినాలి. ఇంత చిన్న పథకానికి అడ్డొచ్చేదేముంటుందని ఎవరైనా అనుకుంటారు. ఇంగ్లండులో నార్ఫోక్ నదుల మీద సెలవుల్లో పడవ నడిపినవాడు మాత్రం అనుకోడు.

"ఈ వారమంతా రేవులో ఎవరితోనూ గొడవ పెట్టుకోకూడదు. ఒక్కటంటే ఒక్క గొడవ జరిగినా ఇంటికెళ్ళగానే పడవకి అమ్మకం బోర్డు కట్టేస్తా" అంది అతని భార్య ఏవ్రిల్, రొట్టెకు వెన్న రాస్తూ.

"నేనెప్పుడు గొడవ పెట్టుకున్నానే? చెప్పాల్సింది చెబుతాను, అంతే."

"పోయినేడు నువ్వు చెప్పాల్సింది చెప్పావనేగా, ఆ అద్దె పడవావిడ నీ నెత్తిన పాస్తా ఉడికించిన నీళ్ళు కుమ్మరించింది."

"అప్పటికవి చల్లారిపోయాయిలే."

'నీటికోడి' అనే ఆ పడవ ఏవ్రిల్ తండ్రి కట్టించింది. అందుకే అమ్ముతానంటే ఆమె నిజంగానే అమ్ముతుంది. హెడ్లీకి మాత్రం అది ప్రాణం. రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఏటా చలికాలమంతా దాని పొట్ట గీకి, రంగులు వేసి, ఇత్తడి బిళ్ళలు తోముతూనే బతికాడు. ఉద్యోగం పోయింది గానీ తనిఖీ బుద్ధి పోలేదు. అదే చిక్కు.

అతని కోపంలో న్యాయం లేదని అనలేం. రేవు అందరిదీ కదా. రాత్రికి తలదాచుకునే చోటు కదా. అద్దె పడవ దొరగ్గానే కొందరు నదిని తమ పెళ్ళికి కట్నంగా ఇచ్చారనుకుంటారు. కట్టి ఉన్న పడవల పక్కనుంచి అలలు రేపుకుంటూ దూసుకుపోతారు, మీ కప్పులో టీ మీ ఒళ్ళో పడుతుంది. రేవు చెక్కల మీదే బొగ్గులు రాజేసి మాంసం కాలుస్తారు, చెక్కకు వాత మిగులుతుంది. మీరు అన్నం ముందు కూర్చోగానే ఇంజను వేస్తారు. ఇదేమిటని అడిగితే, వాళ్ళ ఇంట్లోకి చొరబడిన దొంగని చూసినట్టు చూస్తారు. అడక్కపోతే మన కడుపు ఉడుకుతుంది.

నీటికోడి థర్ల్‌బీ మలుపు తిరిగేసరికి హెడ్లీ కడుపు ఉడకడం మొదలైంది. రెండు పడవలు సుఖంగా పట్టే రేవులో సరిగ్గా నడిమధ్యన ఒక తెల్లటి అద్దె పడవ, చాపకు అడ్డంగా పడుకున్న తాగుబోతులా ఉంది. దాని ముందు ముక్కాలు పడవ పట్టేంత ఖాళీ, వెనక ముక్కాలు పడవ పట్టేంత ఖాళీ. ఎటు చూసినా నీటికోడికి బారెడు తక్కువ. పైగా మనిషి కనిపించడు గానీ ఇంజను డబడబమంటోంది, పొగ బాతుల మీదికి పోతోంది, లోపల రేడియో పాడుతోంది.

"చూశావా? చూశావా ఏవ్రిల్? వీళ్ళని..."

"బోర్డు, హెడ్లీ."

హెడ్లీ నోరు మూసుకున్నాడు. ముక్కుతో మాత్రం బుసకొట్టాడు.

"వాళ్ళు పబ్బులో ఉండుంటారు. నేను వెళ్ళి మర్యాదగా అడిగొస్తా. నువ్విక్కడే ఉండు. ఎవరితోనూ మాట్లాడకు" అని నీటికోడి ముక్కుతాడు చివరి గుంజకు తగిలించి ఏవ్రిల్ వెళ్ళిపోయింది.

హెడ్లీ ఒడ్డున నిలబడి ఆలోచించాడు. మాట్లాడొద్దంది. చేతుల సంగతి ఎత్తలేదు. ఆ తెల్ల పడవను బారెడు ముందుకు లాగితే చాలు, మాటా మంతీ లేకుండా సమస్య తీరిపోతుంది. పక్కవాడి పడవ తాడు అడక్కుండా ముట్టుకోవడం ఈ నది మీద పక్కింటి వంటగదిలో దూరి కుండ మూత ఎత్తడం లాంటిది. ఆ సంగతి పదిమందికి పాఠం చెప్పిందే హెడ్లీ. అయినా ముట్టుకున్నాడు. ముడులు విప్పి, పడవను ముందుకు లాగి, అది మళ్ళీ వెనక్కి జారకుండా తాళ్ళు కసిగా బిగించాడు. పాటు తీస్తే నీరు దిగుతుందనీ, అందుకే ఇక్కడ తాడు వదులుగా కట్టాలనీ అతనికి తెలియదా? తెలుసు. నీటికోడిని కట్టుకున్నాక సడలిద్దామనుకున్నాడు. అలవాటు చొప్పున మిగిలిన తాళ్ళ కొసల్ని చకిలాల్లా అందంగా చుట్టిపెట్టాడు కూడా.

అంతలో ఏవ్రిల్, ఆమె వెనకే ప్లాస్టిక్ కెప్టెన్ టోపీ పెట్టుకున్న ఒక బొద్దుమనిషి వచ్చారు. పేరు గారెత్ అట. బర్మింగ్‌హామ్ నుంచి పెళ్ళాం, అత్తగారు, బావమరుదులతో వచ్చాడట.

"తప్పయిపోయిందండీ పెద్దాయనా! కారు పార్కు చేసినట్టు ముందూ వెనకా సమానంగా చోటు వదిలాం. అదే మర్యాద అనుకున్నాం. ఇప్పుడే జరిపేస్తా... అరె, ఇదేంటి? దానంతటదే జరిగిందే!"

ఏవ్రిల్ హెడ్లీని చూసింది. హెడ్లీ హంసల్ని చూశాడు.

"గాలి" అన్నాడు.

"గాలికే ఇంత మర్యాద ఉంటే మాకెంత ఉండాలి! పదండి, 'పై' నా ఖర్చు. వద్దంటే ఒప్పుకోను" అన్నాడు గారెత్. ఇంజను ఆపాడు, నీటికోడిని కట్టడానికి సాయపడ్డాడు, హెడ్లీ భుజం మీద చెయ్యి వేసి పబ్బుకు నడిపించాడు. ఆ చెయ్యి మళ్ళీ తీయలేదు.

పబ్బు కిటికీలోంచి రేవు బాగా కనిపిస్తుంది. హెడ్లీకి ఆ సాయంత్రం అదే శిక్ష. నీరు దిగుతోంది. నీటికోడి వదులు తాళ్ళతో హాయిగా నీటితోపాటే దిగుతోంది. తెల్ల పడవ మాత్రం ఒడ్డువైపు దిగనంటోంది.

"ఒక్కసారి మా పడవ చూసొస్తా" అని హెడ్లీ లేచాడు.

"మీరు కూర్చోండి, పెద్దవాళ్ళు!" అని ఒక బావమరిది పరిగెత్తి, చూసొచ్చి, "మీ పడవ దివ్యంగా ఉంది" అన్నాడు.

కాసేపటికి "గాలి పీల్చుకొస్తా" అన్నాడు హెడ్లీ. "నేనూ వస్తా" అన్నాడు గారెత్. హెడ్లీకి గాలి అక్కర్లేకపోయింది.

అప్పుడే పెర్సీ గెడ్జ్ తలుపు తోసుకుని వచ్చాడు. ఎదుటి గట్టున పడవ కట్టుకునే పాత మిత్రుడు. అద్దె పడవల మీద హెడ్లీకున్నంత కోపమూ ఉన్నవాడు.

"ఒరే హెడ్లీ, బయట చూశావట్రా! ఎవడో బుద్ధిలేని సన్నాసి పడవని పీకకి ఉరేసినట్టు బిగించి కట్టాడు. ఒక పక్కకి ఒరిగిపోయింది. వీళ్ళకి పాటంటే తెలియదు, పోటంటే తెలియదు! నువ్వు చెబుతావే, ఇలాంటివాళ్ళని నదిలోకి రానివ్వకూడదని. చెప్పు వీళ్ళకి!"

పబ్బంతా హెడ్లీ వైపు తిరిగింది. తేలు కుట్టిన దొంగలా హెడ్లీ నోట్లోని 'పై' ముక్కనే నములుతూ ఉండిపోయాడు.

"అయ్యో, అత్తయ్య!" అని గారెత్ కేకపెట్టాడు. "అత్తయ్య లోపలే పడుకుంది!"

అందరూ రేవుకు పరిగెత్తారు. తెల్ల పడవ ఒడ్డువైపు తాళ్ళకు వేలాడుతూ, ఏటివైపు ఒరిగి, కిర్రుమంటోంది. లోపల గిన్నెలు దొర్లుతున్నాయి. ఆ దొర్లుడుకు మించి ఒక ఆడగొంతు వినిపిస్తోంది.

"ఒరే అల్లుడూ! తలుపు బిగుసుకుపోయిందిరా! మంచం మీంచి బీరువాలోకొచ్చి పడ్డాను!"

"భయపడకు అత్తయ్యా!"

"నాకు భయమేంటిరా? నన్ను బయటికి తీశాక నువ్వు భయపడు!"

బరువుకు ముడులు రాయిలా బిగుసుకుపోయాయి. విప్పడం ఎవరివల్లా కాలేదు. హెడ్లీ జేబులోంచి కత్తి తీసి తాళ్ళు కోశాడు. పడవ దబ్బున నీళ్ళలో పడింది. లేచిన అలకు నీటికోడి గుంజకేసి కొట్టుకుంది. దాని పక్కన చలికాలమంతా వేసిన నీలిరంగు జానెడు మేర లేచిపోయింది. జనం మాత్రం చప్పట్లు కొట్టారు.

"చూసి నేర్చుకోండిరా! పడవ మర్యాద అంటే ఇదీ!" అని పెర్సీ గారెత్‌ను మాటలతో ఉతికేశాడు. తెగిన తాడు చేతిలోకి తీసుకుని, "కట్టడం రాదు గానీ, కొస మాత్రం చకిలంలా ఎంత అందంగా చుట్టారో! ఇదెవడు నేర్పాడ్రా మీకు?" అన్నాడు.

"మేం చుట్టలేదండీ. తాళ్ళు వదులుగా కట్టమని పడవ ఇచ్చినాయన చెబితే అలాగే కట్టాం" అన్నాడు గారెత్, ఏడుపు గొంతుతో.

ఏవ్రిల్ చకిలాన్ని చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

తలుపు ఊడివచ్చి అత్తగారు బయటపడింది. పేరు నోరీన్. తల నిండా జుట్టు చుట్టుకునే గొట్టాలు, వాటిలో ఒకదానికి టీ పొడి సంచి వేలాడుతోంది.

"నా అల్లుణ్ణి అంటారెందుకు? వాడు మొద్దే గానీ తాడు బిగించింది వాడు కాదు. మధ్యాహ్నం నేను స్నానం చేస్తుంటే పడవ కదిలింది. కిటికీలోంచి చూస్తే గట్టు మీద ఎవడివో కాళ్ళు. ఆవాల రంగు మేజోళ్ళు, మడమ దగ్గర ఎర్ర అతుకు. అల్లినవాళ్ళు ఎవరో గానీ చెయ్యి తిరిగినవాళ్ళే."

అందరూ కిందికి చూశారు. హెడ్లీ కూడా చూశాడు. ఆ ఎర్ర అతుకు ఏవ్రిల్ వేసిందే.

"నేనొక్క మాటైనా అన్నానా? గొడవ పెట్టుకున్నానా?" అన్నాడు, అడక్కుండానే.

"లేదు" అంది ఏవ్రిల్ నిదానంగా. "ఈసారి నోటికి పని లేకుండానే చేశావు."

గారెత్ కోప్పడలేదు. నవ్వి, "ఏం పర్లేదు పెద్దాయనా" అన్నాడు. రేవులో ఎన్నో తిట్లు తిన్న హెడ్లీకి ఆ మాటే అన్నిటికన్నా గట్టిగా తగిలింది. కొత్త తాళ్ళు తన పెట్టెలోంచే తీసి, తనే వదులుగా కట్టి, నోరీన్‌కు క్షమాపణ చెప్పాడు. కానీ ఏవ్రిల్ మాట మాటే. ఇంటికెళ్ళగానే బోర్డు కట్టింది. మొట్టమొదట వచ్చిన బేరం నోరీన్‌దే. ఒరగని పడవ కావాలంది.

మరుసటి వేసవిలో హెడ్లీ దంపతులు ఒక తెల్లటి అద్దె పడవ తీసుకుని థర్ల్‌బీ మలుపు తిరిగారు. రేవులో సరిగ్గా నడిమధ్యన నీటికోడి కట్టి ఉంది. ముందు ముక్కాలు పడవ ఖాళీ, వెనక ముక్కాలు పడవ ఖాళీ. కిటికీలోంచి నోరీన్ తల బయటపెట్టింది.

"ఏయ్, అద్దె పడవ! మెల్లగా! అలలు రేపకండి, టీ ఒలికిపోతోంది! వీళ్ళకెప్పుడొస్తుందో బుద్ధి!"

హెడ్లీ నోరు తెరిచాడు, ఏవ్రిల్ని చూసి మూసేశాడు. నీటికోడికి ఆనించి పడవ కట్టుకోవచ్చా అని నోరీన్‌ను మర్యాదగా అడిగి, తాడు బాగా వదులుగా కట్టుకున్నాడు.