గడ్డానికి తగిన కారణం

కూలివాళ్ళ ప్రాణాలను విషవాయువుల నుంచి కాపాడే ఉద్దేశంతో 1980 వేసవిలో, అరబ్బు దేశపు రువైస్ రిఫైనరీ పనుల క్యాంపులో, మేనేజర్ పార్జెటర్ దొరగారు ఒక చారిత్రక నిర్ణయం ప్రకటించారు. ఇకమీదట గడ్డాలు నిషేధం.

"గ్యాస్ మాస్కు మొహానికి అతుక్కోవాలి. గడ్డముంటే సందు వస్తుంది. ఇందులో మతం ప్రసక్తి లేదు," అని మెస్ హాల్లో స్టూలెక్కి చెప్పారు. మతం మాట ఎవరూ ఎత్తలేదు. అయినా మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఎంత ముందుచూపు!

ఆ ఉపన్యాసాన్ని హిందీలోకీ తెలుగులోకీ మార్చి వినిపించినవాడు పర్సనెల్ ఆఫీసు గుమాస్తా అంజిబాబు. కాకినాడ మనిషి. దొరగారంటే ప్రాణం. ఇరాన్‌లో గొడవలు మొదలయ్యాక లండన్ పేపర్ల నిండా గడ్డాల ఫొటోలే రావడమూ, అవి చదివి దొరగారు తలుపుకి వీపు పెట్టి కూర్చోవడం మానెయ్యడమూ అతనికి తెలుసు. ఆ పేపర్లకీ ఈ మాస్కులకీ ఏ సంబంధమూ లేదని దొరగారే స్వయంగా చెప్పారు కాబట్టి అదీ తెలుసు. మాస్కులు ఇంకా ఓడలో ఉన్నాయి.

తగిన కారణం ఉన్నవాళ్ళకి మినహాయింపు ఇవ్వడానికి సేఫ్టీ కమిటీ వేశారు. కమిటీ అంటే దొరగారు. అంజిబాబు దుబాసీ.

మొదట చీఫ్ ఇంజనీరు డోయల్ వచ్చాడు. అతని ఎర్రగడ్డం రొమ్ముదాకా ఉంటుంది.

"ఒకప్పుడు నేవీలో చేశాను."

"నావికుడి గడ్డం! అప్రూవ్డ్."

తరవాత జగిత్యాల నుంచి వచ్చిన వడ్రంగి రాజలింగం వచ్చాడు. అతని గడ్డం చూడగానే దొరగారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"ముస్లిమా?"

"కాదు సారూ. యాములాడ రాజన్నకు మొక్కిన. మా పోరనికి పుట్టెంట్రుకలు దీసేదాంక నేను గీస్కోను. లీవు దొరుకుతలేదు, ఏంజేత్తు?"

అంజిబాబు ఇంగ్లీషులో విన్నవించాడు. దొరగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "ప్రాచీన సంస్కృతి!" అని కంపెనీ పత్రిక కోసం ఫొటో కూడా తీయించారు. లీవు సంగతి మాత్రం తరవాత చూద్దామన్నారు.

ఆ వెనకే కడప బుడేన్ సాహెబ్ వచ్చాడు. క్రేన్ ఆపరేటర్.

"పోయినేడు హజ్‌కు పోయొచ్చినా సార్. ఆన్నించి గీసుకోలే."

దొరగారు గొంతు సవరించుకున్నారు. "నాకు వ్యక్తిగతంగా ఏ అభ్యంతరమూ లేదు. మన వీసాలకి పూచీపడే కఫీల్ గారు ముస్లిం, నాకు మంచి మిత్రులు. కానీ గ్యాస్‌కి హజ్ గురించి తెలీదు."

"మరి గ్యాస్‌కు నేవీ గురించి తెలుసునా సార్?"

ఈ ముక్క అంజిబాబు అనువదించలేదు. దుబాసీకి వివేకం ఉండాలి. శనివారం లోపల గీయించుకుంటే సరి, లేకపోతే బొంబాయి టికెట్ అని తీర్పు వచ్చింది. టికెట్ అంటే వీసా ఖలాస్.

అంజిబాబు శుక్రవారం బుడేన్ సాహెబ్ గదికి వెళ్ళాడు. దొరగారి మీద ఎంత భక్తి ఉన్నా, ఈ మనిషంటే జాలేసింది.

"చర్మరోగం అని చెప్పండి సాయిబుగారూ, నేను సర్దుతాను."

"నాకేం రోగమప్పా? బాగనే ఉండా గదా!"

"పోనీ బద్ధకం అనండి. పొద్దున్నే లేచి గీసుకోలేనని చెప్పండి. అందులో దేవుడు రాడు, దొరకి భయం ఉండదు."

బుడేన్ సాహెబ్ మంచం మీంచి లేచాడు. "దేవుని పేరు సెప్తే పని పోతాది, సోమరోన్నంటే నిలుస్తాదా? ఇదేం నాయమప్పా! మా ఇంట్లో ఏడు మంది ఈ క్రేన్ మీదనే కూసోనుండారు." మళ్ళీ కూర్చుని, "సరే, సెప్తాలే," అన్నాడు.

శనివారం చెప్పాడు. దొరగారు లేచొచ్చి చెయ్యి కలిపారు.

"నిజాయితీ అంటే ఇదీ! ముందే చెప్పొద్దూ? బద్ధకం మీ వాతావరణంలోనే ఉంది, అందులో నీ తప్పు లేదు. అప్రూవ్డ్!"

బుడేన్ సాహెబ్ బయటికొచ్చి కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నిలబడిపోయాడు. "సిగ్గైతాంది అంజిబాబూ, శానా సిగ్గైతాంది," అన్నాడు. ఉద్యోగం నిలిచింది కదండీ అన్నాడు అంజిబాబు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

వారం తిరక్కుండా కంపెనీలో సేఫ్టీ దినోత్సవం జరిగింది. కఫీల్ గారు ముఖ్య అతిథి. ఆయన సంతకం లేకపోతే దొరగారికి కూడా ఇక్కడ వీసా లేదు. తెల్లటి నిండుగడ్డంతో ఆయన స్టేజీ మీద కూర్చుంటే, "ఎంత హుందాగా ఉన్నారో!" అని దొరగారు మైకులోనే మెచ్చుకున్నారు. తమ దగ్గర మతవివక్ష బొత్తిగా లేదనడానికి సజీవ సాక్ష్యంగా బుడేన్ సాహెబ్‌ని పైకి పిలిపించి, పక్కన నిలబెట్టుకుని భుజం మీద చెయ్యి వేశారు.

కఫీల్ గారు కుర్రతనంలో బొంబాయిలో ముత్యాల వ్యాపారం చేసిన మనిషి. హిందీ బాగా వచ్చు. బుడేన్ సాహెబ్ వైపు ఆప్యాయంగా చూసి, "మాషా అల్లా, మంచి గడ్డం. హాజీవా?" అని అడిగారు.

బుడేన్ సాహెబ్ తల దించుకున్నాడు.

"ఏమంటున్నారు?" అని దొరగారు అడిగారు.

"గడ్డం ఎందుకు పెంచావని, సార్," అన్నాడు అంజిబాబు.

"చెప్పమను, చెప్పమను! మేం దాచేదేమీ లేదు. ఉత్త బద్ధకం!"

అంజిబాబు మైకు అందుకునేలోగా బుడేన్ సాహెబే తలెత్తి హిందీలో మైకు పగిలేలా చెప్పాడు. "హాజీనే, షేక్ సాబ్. హజ్ నుంచి తెచ్చుకున్న గడ్డం ఇది. ఆ మాట చెప్తే పనికి రావు పొమ్మన్నారు. సోమరినంటే చెయ్యి కలిపారు. నా పిల్లల కోసం సోమరినయ్యాను."

కఫీల్ గారి చెయ్యి తన గడ్డం మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"ఏమన్నాడు?" అని దొరగారు అంజిబాబు చెవిలో అడిగారు.

"మీకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు, సార్."

దొరగారు చప్పట్లు కొట్టారు. ఆయనొక్కరే కొట్టారు.