గుట్టు కోసం పోయిన అమ్మమ్మ

గురువారం పొద్దున జొనెల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నల్ల గౌను ఇస్త్రీ చేసుకోవాలి. ఒంటి మీద ఊదారంగు దారప్పోగు కూడా లేకుండా చూసుకోవాలి. సాయంత్రం ఏడింటికల్లా, కొత్తగా చేరేవాళ్ళ సమావేశానికి, విద్యార్థి భవనం రెండో అంతస్తులో ఉండాలి. ఏడు దాటితే తలుపు మూసేస్తారు, తర్వాత దేవుడొచ్చినా తీయరు. అన్నిటికన్నా ముఖ్యం, తను ఎక్కడికి వెళ్తున్నదో పిట్టకు కూడా తెలియకూడదు. జార్జియాలోని ఆ నల్లవాళ్ళ కళాశాలలో ఊదారంగు అక్కచెల్లెళ్ళ సంఘం పద్ధతే అంత. చేరాలని ఉందని నోరు జారిన పిల్లకు వాళ్ళ గుమ్మం మళ్ళీ తెరుచుకోదు.

జొనెల్ అమ్మమ్మ మిస్ అర్నెటా యాభై ఒక్కేళ్ళుగా ఆ సంఘంలో సభ్యురాలు. ఆవిడ ఊదారంగు కోటును జొనెల్ ఆరేళ్ళప్పుడు ఓసారి తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. వీపు విమానం మోత మోగింది. సంఘంలో లేనివాళ్ళు దాన్ని తాకకూడదట. అప్పటినుంచీ జొనెల్ ప్రాణమంతా ఆ కోటు మీదే.

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోగా అమ్మమ్మకు ఫోన్ చేసింది.

“అమ్మమ్మా, నేను ఈ సాయంత్రం...”

“నువ్వేం చెప్పలేదు, నేనేం వినలేదు. కాలరు దగ్గర ముడత పడకుండా చూసుకో,” అని ఆవిడ పెట్టేసింది.

అప్పుడే అదే గదిలో ఉండే స్నేహితురాలు కియాషా స్నానం చేసి వచ్చింది. నల్ల గౌను చూసింది, జొనెల్ చేతిలో ఫోన్ చూసింది.

“ఎవరు పోయారే?”

“అమ్మమ్మ,” అనేసింది జొనెల్. అప్పటిదాకా మాట్లాడింది ఆవిడతోనే, నోటికి ఆవిడే తగిలింది.

“అయ్యో, మొన్ననే కదే కేకు పంపింది. ఏమైంది?”

“గుండె.”

గుండె దాకా వచ్చాక ఇక వెనక్కి తీసుకోవడానికేం ఉంటుంది? కియాషా వాటేసుకుని ఏడ్చింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పాపం మంచి పిల్ల, స్నేహితురాలికి ఆరోజు పరీక్ష తప్పిద్దామని నేరుగా చరిత్ర పాఠాలు చెప్పే డాక్టర్ హోలిస్ దగ్గరికి వెళ్ళింది. ఊదారంగు సంఘం బాగోగులు చూసేది ఆవిడే. మిస్ అర్నెటా చేతి కింద పెరిగిన మనిషి. విన్నదే తడవుగా కుర్చీలో కూలబడి ఏడ్చి, సంఘం అధ్యక్షురాలు డెల్ఫీన్‌కు కబురు పెట్టింది.

మధ్యాహ్నానికి జొనెల్ గదికి రెండు పళ్ళేల నిండా వేయించిన కోడి వచ్చింది. పాటల బృందం మెట్ల మీద నిలబడి రెండు ప్రార్థనా గీతాలు పాడి వెళ్ళింది. జొనెల్ సిగ్గుతో చచ్చిపోయింది కానీ ఆకలికి సిగ్గేమిటి, ఏడుస్తూనే రెండు కాళ్ళు తినేసింది.

నాలుగింటికి డెల్ఫీనే వచ్చింది. “చెల్లీ, మీ అమ్మమ్మ మాకందరికీ పెద్దక్క. ఈ సాయంత్రం మాదొక సమావేశం ఉంటే వాయిదా వేశాం. ఏడింటికి ప్రార్థనా మందిరంలో వీడ్కోలు. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న పెద్దవాళ్ళకు కూడా కబురు పెట్టాం.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మమ్మ బతికే ఉందంటే అబద్ధాలకోరు. ఎందుకు చంపిందో చెబితే గుట్టు రట్టు. ఎటు చూసినా కోటు దక్కదు. డెల్ఫీన్ అటు వెళ్ళగానే జొనెల్ మళ్ళీ ఫోన్ చేసింది.

“అమ్మమ్మా, ఇవాళ ఇల్లు కదలకు.”

“కదలకుండా ఎలానే? సంఘంలో ఎవరో పెద్దక్క పోయిందట, తెల్లబట్టల్లో రమ్మన్నారు. పేరు చెప్పలేదు. ఈ మధ్య వారానికొకరు పోతున్నారు, ఎవరైతేనేం. బండి నడుపుతున్నాను, పెట్టేయ్.”

ఏడింటికి నలభై మంది తెల్లగౌన్లలో కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డారు. ముందు మిస్ అర్నెటా ఫొటో. దాని పక్కన నల్ల గౌనులో జొనెల్. డెల్ఫీన్ మొదలుపెట్టింది. “ఒకరిని పల్లెత్తు మాట అనని మనిషి. ఇంట్లో కేకు చేస్తే వీధి వీధంతా పంచేది.”

“ఎవరమ్మా ఆ మహాతల్లి?” అంది వెనక వరసలో అప్పుడే వచ్చి కూర్చున్న ముసలావిడ. “యాభై ఏళ్ళలో నాకొక్క ముక్క పెట్టిన పాపాన పోలేదు.”

డాక్టర్ హోలిస్ వెనక్కి తిరిగి చూసి, కొవ్వొత్తితో సహా కింద కూర్చుండిపోయింది. మిస్ అర్నెటా కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటో వైపు చూసింది.

“నేనా? పోతే పోయాను కానీ, ఆ ఫొటో ఎవరిచ్చారు? విగ్గు వంకరగా ఉంది.”

“నేనే చెప్పాను. అబద్ధం,” అంది జొనెల్.

“ఎందుకు చెప్పావు?” అంది డెల్ఫీన్.

జొనెల్ పెదవి కొరుక్కుంది. కారణం మాత్రం చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. చేరేవాళ్ళెవరో ఎవరికీ తెలియదు కాబట్టి, సమావేశం వాయిదా పడిందని ఎవరికి చెప్పాలో తెలియలేదు. రెండో అంతస్తు తలుపుకు ప్రార్థనా మందిరానికి రమ్మని కాగితం అంటించారు. అది చదువుకుని ఎనిమిది మంది పిల్లలు వరసగా లోపలికి వచ్చారు. అందరివీ నల్లగౌన్లే. ముందు నిలబడింది కియాషా.

“నీకేమైందమ్మా?” అంది డాక్టర్ హోలిస్.

కియాషా జొనెల్‌ను చూసింది, తల దించుకుంది. “మా తాతయ్య పోయాడు మేడమ్.”

“మా పెద్దత్త,” అంది పక్క పిల్ల.

“మా అమ్మమ్మ,” అంది మూడోది. కాసేపు ఆలోచించి, “నాయనమ్మ కూడా,” అంది.

మిస్ అర్నెటా పొట్ట పట్టుకుని నవ్వింది. “డెల్ఫీన్, గుట్టు దాచే పిల్లలు కావాలన్నారు కదా. ఇది సొంత అమ్మమ్మను చంపి, నలభై మంది నిలదీసినా కారణం చెప్పలేదు. ఇంకేం కావాలి?”

“అబద్ధం అబద్ధమే కదక్కా,” అంది డాక్టర్ హోలిస్.

“నువ్వు చేరేటప్పుడు ఈ సమావేశానికి ఎవరిని చంపి వచ్చావో నన్ను చెప్పమంటావా?”

డాక్టర్ హోలిస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. “మా మామయ్యను,” అంది మెల్లగా.

ఆ కొవ్వొత్తుల వెలుగులోనే తొమ్మిది మందికీ దరఖాస్తులు పంచారు. అర్నెటా గారు వీధంతా కేకు పంచుతారని ఇకమీదట ఎవరూ అబద్ధం చెప్పకూడదని డెల్ఫీన్ హెచ్చరించింది.

వసంతంలో కొత్త సభ్యుల ముసుగులు తీసి అందరికీ చూపించిన రోజున, మిస్ అర్నెటా ఆ ఊదారంగు కోటు తెచ్చి మనవరాలి భుజాల మీద కప్పింది. జొనెల్ ఏడ్చింది, ఈసారి నిజంగానే. ఆ గురువారం పోయినవాళ్ళందరూ వచ్చారు, వాళ్ళకు ముందు వరుసలో కుర్చీలు వేశారు.