పూల్‌బాగ్ పార్ట్‌నరు

ఆ సోమవారం ఉదయం రాజ్యలక్ష్మి పెట్టుకున్న పని ఒక్కటే: కారు ముందు సీటు తుడవడం. నవ్వకండి, దాని వెనక నాలుగేళ్ళ చరిత్ర ఉంది. విజయనగరం దాసన్నపేటలో ఆ ఇంటికి కారు వచ్చి నాలుగేళ్ళయింది. భర్త ఉపేంద్ర నడుపుతాడు. పక్క సీటు అత్తగారు గురమ్మది. "నాకు మోకాల్లు మడతపడవమ్మా, ఎనక ఇరుకు" అంటూ మొదటిరోజు కూర్చుంది, అంతే, ఆ సీటు ఆవిడదైపోయింది. రాజ్యలక్ష్మి పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ, ఆఖరికి సొంత పుట్టింటికీ వెనక సీట్లో సంచుల మధ్య కూర్చునే వెళ్ళింది. ఈ ఆదివారం మాత్రం గురమ్మ శ్రీకాకుళంలో కూతురి దగ్గర ఉంటుంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరే శ్రీకూర్మం వెళ్తారు. ముందు సీటు రాజ్యలక్ష్మిదే.

తడిగుడ్డ పట్టుకుని తలుపు తీసింది. సీటు జానెడు ముందుకు జరిగి ఉంది.

గురమ్మ కాళ్ళు చాపుకోవాలి కాబట్టి ఆ సీటు ఎప్పుడూ వెనక్కంటా ఉంటుంది. దాని వెనక కూర్చున్న కోడలు తన మోకాళ్ళు ఎక్కడ పెట్టుకుంటుందో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇప్పుడిది ముందుకు జరిగిందంటే, కాళ్ళు చాపుకోవలసిన అవసరం లేని, వయసులో ఉన్న మనిషెవరో ఇందులో కూర్చుంటున్నారు. ఆలోచన అంతవరకు వచ్చేసరికి, ఉపేంద్ర రాత్రి కారులో మరిచిపోయిన ఫోను టింగుమంది. "మీ పార్ట్‌నర్ చరిత ఈ రోజు కూడా 7.10కి పూల్‌బాగ్ దగ్గర మీకోసం ఎదురు చూస్తుంటారు."

రాజ్యలక్ష్మికి ఒళ్ళు భగ్గుమంది.

"ఏటండీ ఇది?"

ఉపేంద్ర నోట్లో బ్రష్షుతో బయటికొచ్చాడు. "అదా? కార్‌పూల్."

"కారుకి పూలేటి రా?" అంది గురమ్మ వంటింట్లోంచి.

"పూలు కాదమ్మా, పూల్! మా ఎయిర్‌పోర్టోల్లు పెట్టారు. ఒకే దారిన వచ్చేవోల్లు ఒకే కారులో రావాల. పొగ తగ్గుతాది."

"మరి పార్ట్‌నరంటే?" అంది రాజ్యలక్ష్మి.

"కారులో పక్కన కూకునే మనిషి."

"అయితే నేనేటి?"

"నువ్వు ఇంటి పార్ట్‌నరువి" అన్నాడు ఉపేంద్ర. బుద్ధున్నవాడైతే బ్రష్షు నోట్లోంచి తీసేవాడే కాదు.

ఉపేంద్ర పని సముద్రం వైపు కొత్తగా తెరిచిన విమానాశ్రయంలో, కరెంటు విభాగంలో. దాన్ని నడిపే కంపెనీకి రెండు కోరికలు: విమానాలు రెట్టింపు కావాలి, పొగ సగం కావాలి. అందుకని కప్పుల మీద సోలారు పలకలు వేశారు. సామాన్లు మోసే బళ్ళకి బ్యాటరీలు పెట్టారు. ఆగిన విమానం ఇంజను తిప్పుకోకుండా నేల మీంచే కరెంటు ఇస్తున్నారు. మరి ఎగిరే విమానం పొగ మాటేమిటని అడిగితే, ఈ పనులన్నీ చూసే అధికారి ధర్మేంద్ర చిరునవ్వు నవ్వి, "అది మన లెక్కలోకి రాదండీ, విమానం కంపెనీ లెక్కలోకి పోతుంది" అంటాడు. ఇక మిగిలినవి ఉద్యోగుల కార్లు. ఒక్కో కారు పొగని అందులో వచ్చిన తలలతో భాగిస్తామనీ, తలకి తక్కువ పొగ వచ్చిన కారుకి బహుమతి అనీ ప్రకటించాడు. తలలు లెక్కపెట్టడానికి గేటు దగ్గర కెమెరా పెట్టించాడు.

"పొగ ఆడ తగ్గుతాదేమో గానీ ఈడ రేగుతన్నాది" అంది రాజ్యలక్ష్మి.

మర్నాడు ఏడు కాకుండానే పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. "ఇమానాలు సూడాలనుంది. తప్పేటి?" అంది. పూల్‌బాగ్ దగ్గర చరిత ఎక్కింది. సన్నగా, పొట్టిగా, చేతిలో టిఫిను డబ్బాతో. "బావున్నారా అక్కా?" అని నవ్వి, మారుమాట లేకుండా వెనక కూర్చుంది. పాతిక కిలోమీటర్లూ రాజ్యలక్ష్మి అద్దంలో ఆ పిల్లనే చూసింది. చరిత వాళ్ళమ్మకి ఫోను చేసింది, డబ్బాలో ఇడ్లీ తింది, కునుకు తీసింది. అంతకుమించి ఏమీ చెయ్యలేదు. ఏమీ చెయ్యలేదంటే ఎంత నటన ఉండాలి అనుకుంది రాజ్యలక్ష్మి. విమానాశ్రయం వాళ్ళ కరెంటు బస్సులో ఇంటికి తిరిగొచ్చింది. అసూయ తగ్గలేదు గానీ, ముందు సీట్లో గాలి బాగుందని ఒప్పుకోక తప్పలేదు.

ఆ గాలి ఒక్కరోజే. బుధవారం ఆరున్నరకే గురమ్మ ముందు సీట్లో ఉంది. సీటు వెనక్కంటా జరిగింది. కారు మూతికి బంతిపూల దండ వేలాడుతోంది.

"ఇదేటత్తా? నువ్వు సీకాకులం ఎల్లవా?"

"కోడలు రోజూ ఇమానాలు సూసొస్తాది, నానొక్కద్దాన్నీ కూతురింట్లో గోడలు సూడాలేటి? ఒరే, పూలు కావాలన్నావు కదా, ఏసినాను. బేగి పోనియ్యి!"

ఆ దెబ్బకి శ్రీకూర్మం ప్రయాణం కూడా ముగ్గురిదైంది. అక్కడికీ రాజ్యలక్ష్మి వెనకే కూర్చుని వెళ్ళింది.

ఇక రోజూ చరిత పక్కన కూర్చోవలసి వచ్చేసరికి మంట ఇంకా పెరిగింది. ఆ పిల్ల సెంటు వాసన, ఆ పిల్ల గాజుల చప్పుడు, అన్నీ ఆ మంటలో నెయ్యి పోసినట్టే ఉన్నాయి. దీనికి మందు ఆ పిల్ల మొగుడే అనుకుంది. చరితనే నంబరు అడిగింది. చరిత ఎందుకని కూడా అడక్కుండా ఇచ్చేసింది. అదీ అనుమానించవలసిన విషయంగానే తోచింది. ఆ మొగుడి పేరు రమేష్‌బాబు.

"తమ్ముడా, మీ ఆవిడ మా ఆయన కారులో ఎల్తన్నాది. నీకు సీమ కుట్టినట్టయినా లేదేటి?"

"రేపు నానొస్తానక్కా" అని ఫోను పెట్టేశాడు. ఆ రాత్రి రాజ్యలక్ష్మి హాయిగా నిద్రపోయింది.

పొద్దున్న పూల్‌బాగ్ దగ్గర రమేష్‌బాబు పానాల పెట్టెతో నిలబడి ఉన్నాడు. రాజ్యలక్ష్మి గొడవ కోసం సర్దుక్కూర్చుంది. అతను తలుపు తీసి, పెట్టె లోపల పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"నీ రునం తీర్సుకోలేనక్కా! ఎయిర్‌పోర్టు గేటు దాటినాక రొయ్యిల సెరువుల కాడ మోటార్లు బాగుసెయ్యడానికి రోజూ ఈ దారినే ఎల్తాను. బస్సు కోసం నిలబడలేక సస్తన్నాను. ఈయమ్మ ఒక్క ముక్క సెప్తే ఒట్టు!"

"నువ్వు అడిగితే కదా" అంది చరిత.

ఆ రోజు ఒకటో తేదీ. అప్పట్నుంచీ రాజ్యలక్ష్మి స్థానం వెనక సీటు నడిమధ్యన. కుడివైపు చరిత, ఎడమవైపు రమేష్‌బాబు, ఒళ్ళో పానాల పెట్టె, మోకాళ్ళకి గురమ్మ సీటు. మానేద్దామా అనుకునేది. కానీ తను దిగిపోతే కారులో ఒక సీటు ఖాళీ అవుతుంది, ఖాళీ సీటుని నమ్మలేం. నెలంతా మానకుండా వెళ్ళింది.

నెలాఖరున టెర్మినల్‌లో సభ పెట్టారు. ధర్మేంద్ర మైకు పట్టుకుని, "నెలంతా ఒక్క ఖాళీ సీటు లేకుండా వచ్చిన ఒకే ఒక్క కారు! తలకి పొగ అందరికంటే తక్కువ! వ్యాపారమూ పెరగాలి, గాలీ బాగుండాలి అంటే ఇలాంటి కుటుంబాలు కావాలి" అన్నాడు. గేటు కెమెరాకి తలలే తెలుసు, కాపురాలు తెలియవు.

బహుమతి తిరుపతికి విమానం టికెట్లు రెండు. పొగ తగ్గించినందుకు విమానం ఎక్కించడమేమిటని ఎవరూ అడగలేదు. "డ్రైవరు శ్రీ ఉపేంద్ర! ఆయన పార్ట్‌నరు శ్రీమతి చరిత!" అని ధర్మేంద్ర పిలవగానే హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు రమేష్‌బాబు. రాజ్యలక్ష్మికి కళ్ళు బైర్లు కమ్మాయి. నెల్లాళ్ళు మోకాళ్ళు అరగదీసుకుని కాపలా కాసి, చివరికి తన మొగుణ్ణి ఆ పిల్ల పక్కన ఆకాశంలోకి తనే పంపుతోంది.

చరిత టికెట్టు తీసుకుని తిన్నగా కిందికి దిగి రాజ్యలక్ష్మి దగ్గరికే వచ్చింది.

"ఇది నీదే అక్కా. ఆ సీటు మొదట్నుంచీ నీదే కదా. కాలీగా ఉందని కూకున్నాను గానీ, నాకేటి తెల్సు? ఇంకా పేరు రాయనేదు, నీది రాయించుకో."

రాజ్యలక్ష్మికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ పిల్లనా ఆడిపోసుకున్నాను, నా కళ్ళు పోనూ అనుకుంది. సిగ్గేసింది, ఆనందమూ కలిగింది. కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. అప్పటికే టికెట్టు మరో చేతిలో ఉంది.

"పేరు రాయనేదా?" అంది గురమ్మ. "రాయి బాబూ, గురమ్మ. ముందు సీటేనా?"

"మొదటి వరసేనమ్మా" అన్నాడు ధర్మేంద్ర.

"అదీ! నాకు మోకాల్లు మడతపడవు. ఎంకన్న బాబు పిలిస్తే కాదనకూడదు. ఏటే రాజ్యం?"

ఉపేంద్ర నేల చూపులు చూశాడు. రాజ్యలక్ష్మికి అప్పుడు తెలిసింది, తను నెల్లాళ్ళు కుళ్ళుకున్నది తప్పు మనిషి మీదని.

ప్రయాణం రోజున ఇద్దర్నీ సాగనంపి కరెంటు బస్సెక్కింది. ముందు సీటు ఖాళీగా ఉంటే గబగబా వెళ్ళి కూర్చుంది. "అమ్మా, అది పెద్దోల్ల సీటు, ఎనక్కెల్లండి" అన్నాడు డ్రైవరు. లేచింది. పైన విమానం ఎగిరింది. ఆ పొగ విమానం కంపెనీ లెక్కలోకి పోతుంది. కింద రేగినది ఎవరి లెక్కలో రాయాలో ధర్మేంద్ర ఇంకా చెప్పలేదు.