పాలిష్‌లో ఉంది

మావయ్య వడ్రంగి షాపులో ఫోన్లు చూసుకునే మేనకోడలు ఆ రోజు నిజం చెప్పెయ్యాలని పొద్దున్నే గట్టిగా అనుకుంది. పళ్ల డాక్టరు కొత్త క్లినిక్‌కి పెద్ద టేబుల్ రేపటికి ఇవ్వాలి. దాని చెక్క ఇంకా రంపం మొహమే చూడలేదు. టేబుల్ నచ్చితే కుర్చీలు, బీరువాలు కూడా వాళ్లకే ఇస్తానన్నాడాయన. ఆ పని చేజారితే షాపుకి తాళం, ఆమె ఉద్యోగానికి నీళ్లు.

కాలుగాలిన పిల్లిలా నాలుగుసార్లు తిరిగి, చివరికి నంబరు నొక్కింది. అవతల "హలో" వినపడగానే మావయ్య ఫోన్ లాగేసుకున్నాడు.

"పాలిష్‌లో ఉంది డాక్టరు గారూ!"

ఆ షాపులో మొదలుపెట్టని ప్రతి వస్తువూ పాలిష్‌లోనే ఉంటుంది.

"అలాగా? అయితే ఇప్పుడే వచ్చి చూస్తాను."

మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇప్పటికైనా ఉన్నమాట చెబుదాం మావయ్యా."

"నోర్ముయ్యవే! మన ఆఫీసు టేబుల్ ఇటు లాగు."

దాని మీది సామానంతా నేల మీద కుమ్మరించారు. టీ మరకల మీద మావయ్య డబ్బాడు పాలిష్ ఒంపి, ఆయాసపడుతూ రుద్దాడు. ఆరాలని ఆమె ఫ్యాన్ పెట్టింది. ఆ గాలికి మూలనున్న రంపప్పొట్టంతా లేచి టేబుల్ మీద వాలింది.

"ఇదేంటని అడిగితే?"

"కొత్త ఫ్యాషన్ అను!"

డాక్టరు అడగనే లేదు. వస్తూనే రెండు మోచేతులూ టేబుల్‌కి ఆనించి, "బాగుంది" అన్నాడు ఏడుపు గొంతుతో. ఆయన లేవబోతే చొక్కా లేవలేదు.

"కొత్త ఫ్యాషనండీ..." అంటూ మావయ్య పట్టి లాగాడు. చొక్కా చేతులు రెండూ పర్రున చిరిగాయి.

ఇక ఆమె వల్ల కాలేదు. "డాక్టరు గారూ, ఇది మా పాత టేబులండీ. మీది ఇంకా మొదలే పెట్టలేదు."

మావయ్య కళ్లు మూసుకున్నాడు.

డాక్టరు మొహం మాత్రం వెలిగిపోయింది. "నిజంగానా అమ్మా? ఒట్టు?"

"ఒట్టండీ."

"బతికించావు తల్లీ! క్లినిక్‌కి ఇంకా గోడలే లేవలేదు. అంతా అయింది, టేబుల్ రావడమే తరువాయి అని మా మామగారికి చెప్పాను. పెట్టుబడి ఆయనది. టేబుల్ వచ్చిందంటే చూడ్డానికి దిగిపోతారు. ఆయనకి చూపించడానికి, మొదలుపెట్టలేదని ఓ ముక్క రాసివ్వండి, కుర్చీలూ బీరువాలూ మీకే!"

ఆ షాపులో కూర్చోడానికి పూర్తయిన కుర్చీ ఒక్కటీ లేక ఆమె నిలబడే రాసిచ్చింది.

అడిగిన వేళకి ఆ షాపు నుంచి బయటికి వెళ్లిన మొదటి సరుకు ఆ కాగితమే.